సెటప్ ఫైలు దించుకుంటే సరిపోదు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం సంచికలో సిమ్ రేసింగ్ (కంప్యూటర్లో నిజం కారులా నడిపే రేసు ఆటలు) గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. ఈ ఆటల గురించి తెలుగులో ఎవరైనా రాస్తే బాగుండునని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నవాణ్ణి కాబట్టి ఒకటికి రెండుసార్లు చదివాను. స్టీరింగు, పెడల్స్ ఎలా అమర్చుకోవాలో చెప్పిన భాగం చాలా బాగుంది. కానీ చివర్లో ఒక సలహా ఇచ్చారు, బాగా వేగంగా నడిపేవాళ్ల సెటప్ ఫైలు (కారులో టైరు గాలి, స్ప్రింగులు లాంటివి ఎలా పెట్టుకున్నారో ఉండే ఫైలు) దించుకుని లోడ్ చేసుకుంటే ల్యాప్ టైమ్, అంటే ట్రాక్ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం, దానంతటదే తగ్గిపోతుందని. ఆ మాట మాత్రం నేను ఒప్పుకోలేను. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అది నమ్మి నెలల తరబడి తిప్పలు పడతారు. నేను పడ్డాను, అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

నా సంగతే చెబుతాను. అసెట్టో కోర్సా కాంపిటిజియోనే అనే ఆటలో, ఇటలీలోని మోంజా ట్రాక్ మీద ఒక జీటీ3 కారు (స్పోర్ట్స్ కారుని రేసు కోసం మార్చిన రకం) నడిపేవాణ్ణి. ల్యాప్ ఒక నిమిషం 51 సెకన్ల దగ్గర ఆగిపోయింది, ఎంత చేసినా అక్కణ్ణుంచి దిగడం లేదు. అదే కారులో ఒకాయన ఒక నిమిషం 48 లోపు తిరిగిన వీడియో చూసి, ఆయన పెట్టిన సెటప్ దించుకుని ఎక్కించాను. మెయిన్ స్ట్రెయిట్ చివర మొదటి చికేన్ (వెంటవెంటనే అటూ ఇటూ తిరిగే ఇరుకు మలుపు) వచ్చింది, బ్రేక్ మీద కాలు ఉండగానే ఎప్పటిలాగే స్టీరింగు కుడికి తిప్పాను, అంతే, ఎవరో లాక్కున్నట్టు స్టీరింగు నా చేతుల్లోంచి ఎడమకి తిరిగిపోయింది, వెనక టైర్లు జారి కారు వచ్చిన దారివైపు మొహం పెట్టి ఆగింది. తర్వాతి ల్యాప్‌లో లెస్మో అనే మలుపు దగ్గర అదే పని. వారం రోజులు అలాగే గడిచాయి. తప్పంతా నా చేతుల్లోనే ఉందనుకుని మరింత పట్టుదలగా అదే సెటప్‌తో కూర్చున్నాను.

అసలు సంగతి తెలియడానికి చాలా కాలం పట్టింది. ఆయన మలుపు లోపలి దాకా బ్రేక్ మీద పాదం ఉంచి, దాన్ని కొద్దికొద్దిగా వదులుతూ వెళ్తాడు. కారు బరువు ముందు టైర్ల మీద ఉంటుంది, వెనకభాగం తేలికై కాస్త తిరుగుతుంది, ఆ తిరగడమే ఆయనకు కావాలి, అందుకే వెనకవైపు పట్టు తక్కువగా ఉండేలా కారును పెట్టుకున్నాడు. నేనేమో బ్రేక్ గట్టిగా తొక్కి ఉండగానే స్టీరింగు విసురుగా తిప్పేవాణ్ణి. ఆయన పాదానికి కుదిరిన కారు నా పాదానికి ఎలా కుదురుతుంది? ఇంకో సంగతి, అది క్వాలిఫయింగ్ (రేసుకి ముందు ఒక్క వేగమైన ల్యాప్ కోసం నడిపేది) కోసం చేసిన సెటప్, ట్యాంకులో ఆయన 15 లీటర్లు పోసుకున్నాడు, నేను రేసు కోసమని 60 లీటర్లు పోసుకున్నాను. పెట్రోలు లీటరు దగ్గరదగ్గర ముప్పావు కిలో ఉంటుంది. అంటే నా కారు 34 కిలోలు ఎక్కువ బరువు మోస్తోంది, నేలకి ఇంకాస్త దగ్గరగా కుంగుతోంది, ఆయన బ్రేక్ వేసిన చోట నాకు ఆగదు. ఫైలు అదే కానీ కారు అది కాదు.

అసెట్టో కోర్సా అన్న పేరుకే ఇటాలియన్‌లో రేసుకు సిద్ధం చేసిన కారు సెటప్ అని అర్థం. ఆట పేరులోనే ఉన్న పనిని మనం వేరేవాళ్ల ఫైలుకి వదిలేస్తే అందులో సగం రుచి మనకి తెలియకుండానే పోతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే టైరు గాలి దగ్గర. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. సెటప్ పేజీ తెరవగానే స్ప్రింగులు, డాంపర్లు, డిఫరెన్షియల్, వింగ్ అని యాభై రకాలు కనిపించి కంగారు పుడుతుంది, అవన్నీ వదిలేసి ముందు నాలుగు టైర్ల ప్రెషర్ చూడండి. రోడ్డుని తాకేది ఆ నాలుగే కదా, అవి సరిగ్గా లేకపోతే మిగతావి ఎంత సవరించినా ఏది ఎందుకు జరుగుతోందో తేలదు. గాలి వేడెక్కితే ప్రెషర్ పెరుగుతుంది, ఇది బళ్లో చదువుకున్నదే. 30 డిగ్రీల దగ్గర 21 పీఎస్ఐ నింపితే లోపలి గాలి 80 డిగ్రీలు దాటేసరికి అదే టైరులో 27 దాకా వస్తుంది. కాబట్టి చూడాల్సింది బయల్దేరేటప్పటి అంకె కాదు, నాలుగైదు ల్యాపులు తిరిగి టైరు కుదురుకున్నాక కనిపించే అంకె. కాంపిటిజియోనేలో జీటీ3 కార్లకి పొడి ట్రాక్ మీద అది 26, 27 మధ్య ఉంటే బాగుంటుంది. వేరే ఆటలో, వేరే టైరులో ఆ అంకె వేరు. ఎండ పెరిగి ట్రాక్ వేడెక్కినా, మబ్బు పట్టి చల్లబడినా నిన్న సరిపోయిన గాలి ఈరోజు సరిపోదు, అందుకే ఎవరి ఫైలులోని ప్రెషర్లనీ ఉన్నవున్నట్టు నమ్మకూడదు.

మోంజా ఉదాహరణే తీసుకోండి. అక్కడ పెద్ద మలుపులన్నీ, కుర్వా గ్రాండే, రెండు లెస్మోలు, చివరి పారబోలికా, కుడివైపు తిరిగేవే. కుడికి తిరిగినప్పుడల్లా బరువు ఎడమ టైర్ల మీద పడుతుంది, అవి ఎక్కువ వేడెక్కుతాయి, వాటిలో ప్రెషర్ ఎక్కువ పెరుగుతుంది. నాలుగింట్లోనూ ఒకే గాలి పెట్టి వెళ్తే ఐదో ల్యాప్‌కి ఎడమవి ఉబ్బి, కుడివి మెత్తగా ఉంటాయి. ఎడమవైపు ముందే కాస్త తగ్గించి పెట్టుకుంటే వేడెక్కాక నాలుగూ ఒక దగ్గరికి వస్తాయి. ఇది చేసిన రోజున, ఇంకేమీ ముట్టుకోకుండానే, లెస్మోలో కారు నా మాట వినడం మొదలుపెట్టింది. ఆ తేడా చేతికి తెలిసినప్పటి సంతోషం మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

టైరు వేడి మూడుచోట్ల చూపిస్తాయి చాలా ఆటలు, లోపలి అంచు, మధ్య, బయటి అంచు. మధ్య భాగం రెండు అంచులకన్నా వేడిగా ఉంటే గాలి ఎక్కువైనట్టు. అంచులు వేడిగా ఉండి మధ్య చల్లగా ఉంటే తక్కువైనట్టు. లోపలి అంచు బయటిదానికన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువుంటే ఫర్వాలేదు, టైరు పైభాగం లోపలికి వాలేలా నెగటివ్ క్యాంబర్ పెడతాం కాబట్టి స్ట్రెయిట్ మీద లోపలి అంచే ఎక్కువ రాసుకుంటుంది. తేడా మరీ ఎక్కువైతే క్యాంబర్ తగ్గించాలి. ఈ మూడు అంకెలు చదవడం వస్తే ఎవర్నీ అడగనక్కర్లేదు, టైరే చెబుతుంది.

గాలి కుదిరాక కారు ఎక్కడ జారుతోందో గమనించాలి. ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. కారు తిరగడం లేదు అంటే సరిపోదండీ. మలుపులోకి వెళ్లేటప్పుడా, మధ్యలోనా, యాక్సిలరేటర్ తొక్కి బయటికి వచ్చేటప్పుడా? నెమ్మది మలుపా, వేగం మలుపా? ముందు టైర్లు జారి కారు తిన్నగా బయటికి పోతోందా, వెనక టైర్లు జారి తిరిగిపోతోందా? మొదటిది అండర్‌స్టీర్, రెండోది ఓవర్‌స్టీర్. ఈ ప్రశ్నలకి జవాబు చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే. నిజం రేసుల్లో డ్రైవర్ పిట్‌లోకి వచ్చి ఇంజినీరుకి చెప్పేదీ ఇదే.

నెమ్మది, వేగం అని ఎందుకు విడదీస్తున్నానంటే, వింగ్ (కారు వెనక ఉండే రెక్క) ఇచ్చే డౌన్‌ఫోర్స్, అంటే గాలి కారుని నేలకి అదిమే బలం, వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల దగ్గర ఎంత ఉందో 200 దగ్గర దానికి నాలుగింతలు. బెల్జియంలోని స్పా ట్రాక్‌లో లా సోర్స్ అనే మొదటి మలుపు చాలా నెమ్మదిది, అక్కడ వింగ్ దాదాపు ఏమీ చెయ్యదు. అదే పూహోన్ అని కిందికి దిగుతూ వచ్చే పొడుగాటి ఎడమ మలుపు ఉంది, అక్కడ కారుని నేలకి అదిమిపట్టేది చాలావరకు గాలే. లా సోర్స్‌లో బాగానే ఉండి పూహోన్‌లో వెనకభాగం ఊగుతుంటే వెనక వింగ్ ఒక మెట్టు పెంచి చూడాలి, అక్కడి కెమెల్ స్ట్రెయిట్ మీద కాస్త వేగం పోతుంది, అది ఒప్పుకోవాల్సిందే. పూహోన్‌లో బాగుండి లా సోర్స్‌లో జారితే వింగ్ జోలికి పోకుండా వెనక యాంటీరోల్ బార్ (మలుపులో కారు పక్కకి ఒరగకుండా పట్టే కడ్డీ) ఒక మెట్టు మెత్తబరచాలి. ముందు బార్ గట్టిచేస్తే ముందు పట్టు తగ్గుతుంది, వెనకది గట్టిచేస్తే వెనక పట్టు తగ్గుతుంది. ఈ ఒక్కటి గుర్తుంటే చాలా దూరం వెళ్లొచ్చు.

బ్రేక్ బయాస్, అంటే బ్రేక్ బలం ముందు, వెనక చక్రాల మధ్య ఎలా పంచాలో, అది ఇంకా సులువు, నడుపుతూనే బటన్‌తో మార్చుకోవచ్చు. ముందుకి జరిపితే బ్రేక్ వేసినప్పుడు కారు నిలకడగా ఉంటుంది కానీ ముందు టైర్లు త్వరగా లాక్ అవుతాయి, వెనక్కి జరిపితే బాగా తిరుగుతుంది, మరీ జరిపితే వెనకభాగం మన పక్కకి వచ్చేస్తుంది. ఒక్కో కారుకి ఒక్కో అంకె కుదురుతుంది, పక్కవాళ్ల శాతం చూసి పెట్టుకోవద్దు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఒక్కటంటే ఒక్కటే. వింగ్, బార్, గాలి మూడూ కలిపి మార్చి ల్యాప్ బాగా వచ్చిందనుకోండి, వాటిలో ఏది పనిచేసిందో మీకు తెలుసా? నేను పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుంటాను. తేదీ, ట్రాక్ వేడి, పెట్రోలు, ఏం మార్చాను, ఐదు ల్యాపుల టైములు, చివర ఒక వాక్యం, ఉదాహరణకి రెండో లెస్మో బయట ముందుభాగం బయటికి పోతోంది అని. అందులో అన్నిటికన్నా మంచి ల్యాప్ చూసుకుని మురిసిపోను, మధ్యలో ఉన్న మూడింటి సగటు చూస్తాను. ఇంతకీ ఆ ఐదు ల్యాపులూ ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. మీ ల్యాపుల మధ్య ఒకటిన్నర సెకను తేడా వస్తుంటే, బార్ ఒక మెట్టు మార్చడం వల్ల వచ్చే రెండు పదోవంతుల లాభం అందులో ఎలా కనిపిస్తుంది? కొత్తవాళ్లు సెటప్ ముట్టుకునేముందు డిఫాల్ట్ కారుతోనే అర సెకను తేడాలోపు పది ల్యాపులు వరసగా నడపగలగాలి. మీ వ్యాసంలో ఈ ఒక్క వాక్యం ఉండి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

డాంపర్లు, బంప్‌స్టాపుల గురించి నేనేమీ చెప్పను, అవి ఆఖరున. మొదటి ఆరునెలలు వాటిని తెరవకపోయినా ఏ నష్టమూ లేదు.

దించుకున్న సెటప్‌లు దండగ అని నా ఉద్దేశం కాదు. వాటిని పాఠంలా చదువుకుంటే ఎంతో వస్తుంది. కాంపిటిజియోనేలోనే సేఫ్, అగ్రెసివ్ అని తయారు సెటప్‌లు ఇస్తారు, వాటిని పక్కపక్కన పెట్టి ఏది ఎంత తేడా ఉందో రాసుకోండి, సేఫ్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా రెండోదాని వైపు జరపండి, ఏది మార్చినప్పుడు కారు ఎలా ప్రవర్తిస్తుందో ఒంటికి తెలుస్తుంది. ఐరేసింగ్ అనే ఇంకో ఆటలో అందరికీ ఒకే సెటప్ ఇచ్చి పోటీ పెట్టే రేసులున్నాయి, సెటప్ గొడవ లేకుండా నడపడం నేర్చుకోవాలంటే అవి మంచివి.

మా మేనల్లుడు ఈమధ్య ఆడటం మొదలుపెట్టాడు. వాడూ ఎక్కడిదో ఫైలు ఎక్కించుకుని మోంజాలో పల్టీలు కొడుతున్నాడు. సేఫ్ సెటప్‌కి మార్చి, పెట్రోలు రేసుకి ఎంత కావాలో అంతే పోసి, నాలుగు టైర్ల గాలి సరిచేసి వాడికి అప్పగించాను. నాలుగు రోజులు ఇంకేమీ మార్చనివ్వలేదు, అలిగాడు కూడా. ఐదోరోజు రాత్రి ఫోన్ చేసి, "మామయ్యా, లోపలికి బాగానే తిరుగుతోంది, లెస్మోలో గ్యాస్ తొక్కాకే ముందుభాగం బయటికి పోతోంది, అన్ని ల్యాపుల్లోనూ అక్కడే" అన్నాడు. వెనక బార్ ఒక్క మెట్టు గట్టిచెయ్యమన్నాను. పావుగంటలో మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి ల్యాప్ టైమ్ చెప్పలేదు, ఇంకో మెట్టు చేస్తే ఏమవుతుందని అడిగాడు.

ఈ విషయం మీద మళ్లీ రాసే ఆలోచన ఉంటే దయచేసి ఈసారి టైరు గాలితో మొదలుపెట్టించండి.

ఇట్లు,
మీ పాఠకుడు