పిట్టలకు వేసేవి తినే గింజలేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఎండలు ముదిరాయంటే చాలు, పిట్టలకు నీళ్లు పెట్టండి, గింజలు వేయండి అని అందరూ చెబుతారు, పత్రికల్లోనూ ఏటా వస్తుంది, మంచిదే. కానీ ఏ గింజలు వేయాలో ఎవరూ చెప్పరు. ఇంట్లోకి బియ్యం కొనేటప్పుడు గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసి, నోట్లో వేసుకుని, బేరమాడి మరీ కొనే మనం, పిట్టలకి అనేసరికి ఏది చవగ్గా దొరికితే అది తెచ్చి పోసేస్తాం.

మా ఊరి మార్కెట్లో ఒక దుకాణం ముందు, గోనె సంచికి "పిట్టల గింజలు" అని అట్టముక్క గుచ్చి గులాబీ రంగు జొన్నలు అమ్ముతున్నారు. ఆ రంగేమిటండీ అని అడిగితే "ఏం కాదమ్మా, కడిగితే పోద్ది" అన్నాడాయన. వ్యవసాయం ఉన్న ఇంట్లో పుట్టిన ఎవరికైనా ఆ రంగేమిటో తెలుసు. అవి విత్తనం జొన్నలు. మొవ్వు ఈగ పట్టకుండా థయామెథాక్సామ్ గానీ ఇమిడాక్లోప్రిడ్ గానీ, తెగుళ్లకి థైరామ్ లాంటివి గానీ పట్టిస్తారు, మందు పట్టించిన విత్తనమని చూడగానే తెలియాలనే ఆ రంగు కలుపుతారు. కడిగితే పోయేది ముందు ఆ హెచ్చరికే. మందంతా పోయిందని ఎవరు చెప్పగలరు?

1968 నాటి విత్తన నిబంధనల్లోనే ఉంది: మందు పట్టించిన విత్తనమైతే ఆ సంగతీ ఆ మందు పేరూ లేబుల్ మీద రాయాలి, మనిషికీ జంతువులకీ హాని చేసేదైతే తిండికి, దాణాకి, నూనెకి వాడకూడదని కూడా రాయాలి. రాస్తున్నారు కూడా, కాదనను. కానీ సంచి విప్పి గోనెలో కుమ్మరించాక లేబుల్ ఎక్కడుంటుంది? ధ్రువీకరణ విత్తనానికి గడువు 9 నెలలు. మళ్లీ పరీక్ష చేయించి పొడిగించుకోవచ్చు గానీ, సీజన్ అయిపోయాక మిగిలిన సరుకు కోసం అంత ఓపిక పడేవాళ్లు ఎంతమంది? ఇలా గోనెల్లోకి చేరేది ఆ సరుకేనేమో.

ఒక గుప్పెడుతో ఏమవుతుందిలే అనుకోవద్దు. పిచ్చుక బరువు మహా అయితే 30 గ్రాములు. కెనడా శాస్త్రవేత్తలు వలస వెళ్లే ఒక జాతి పిచ్చుకలకు, మందు పట్టించిన ఒక్క మొక్కజొన్న గింజలో చిన్న వంతుకు సరిపడా ఇమిడాక్లోప్రిడ్ ఇచ్చి చూస్తే, గంటల్లోనే బరువు తగ్గాయి, మందు తినని వాటికన్నా సగటున మూడున్నర రోజులు ఆలస్యంగా బయల్దేరాయి. ఇది 2019లో అచ్చయిన అధ్యయనం. మన దేశంలోనే, 1980ల చివర్లో, భరత్‌పూర్ దగ్గర కేవలదేవ్ పార్కులో సారస కొంగలు చచ్చిపడితే, చుట్టుపక్కల పొలాల్లో వాడిన ఆల్డ్రిన్ అనే పురుగుమందు వల్ల అని తేలింది.

పోనీ కంపెనీ ప్యాకెట్ కొంటే నిశ్చింతా అంటే అదీ లేదు. అమెరికాలో స్కాట్స్ మిరాకిల్ గ్రో అనే పెద్ద కంపెనీ, నిల్వలో పురుగు పట్టకుండా పిట్టల గింజలకే పురుగుమందు కలిపి అమ్మింది, ఆ మందు పక్షులకు విషమని దాని డబ్బా మీదే ఉంది. 2012లో 40 లక్షల డాలర్ల జరిమానా పడింది. అక్కడ పెరట్లో ఫీడర్లు వేలాడదీసే మన పిల్లలకి కూడా ఈ ముక్క చెప్పండి.

మరైతే సేంద్రియ గింజలే వేయాలా? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇంట్లో మనం తినే నూకలు, జొన్నలు నాలుగు చల్లితే పిచ్చుక చచ్చిపోదు, దానికోసం టెన్షన్ పడక్కర్లేదు. చేతనైతే సేంద్రియానివి కొనమనడానికి నా కారణం వేరు. గూట్లో పిల్ల పిచ్చుకలు గింజలు తినవు, తల్లీ తండ్రీ పురుగులు తెచ్చి నోట్లో పెడతాయి. మందు కొట్టిన పొలంలో ఆ పురుగులు ఉండవు. మనం అరుగు మీద ఎన్ని గింజలు పోసినా ఆ లోటు తీరదు. మందు కొట్టని రైతు దగ్గర రెండు కిలోల కొర్రలు కొంటే ఆ గింజలు పెద్ద పిట్టలకి, ఆ పొలంలో పురుగులు పిల్లలకి. అందుకే గింజలు ఏ పొలంలో పండాయన్నదే అసలు ప్రశ్న, ప్యాకెట్ మీద పచ్చ ఆకు బొమ్మ కాదు.

దొరకవనేం లేదు. ఆంధ్రాలో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు చాలాచోట్ల వారం వారం సరుకు పెట్టి అమ్ముతున్నారు, తెలంగాణలో జహీరాబాద్ వైపు ఆడవాళ్లు ఏళ్లుగా మందుల్లేకుండా చిరుధాన్యాలు పండిస్తున్నారు. చిన్న రైతుల్లో చాలామంది దగ్గర సర్టిఫికెట్ ఉండదు, మాటే సర్టిఫికెట్. షాపులో కొంటే మాత్రం పీజీఎస్ ఇండియా లాంటి ప్రభుత్వ సేంద్రియ గుర్తు చూసుకోండి. సంక్రాంతికి మన గోదావరి జిల్లాల్లో అమ్మే వరికంకుల కుచ్చులు కూడా అంతే, కొనేముందు కోతకు ముందు ఏం కొట్టారని ఒక్క మాట అడగండి, నలుగురు అడిగితే అమ్మేవాళ్లూ పట్టించుకుంటారు.

పిచ్చుకలకీ జీనువాయిలకీ (మునియా పిట్టలకి) కొర్రలు, సామలు సరిపోతాయి, గువ్వలకైతే జొన్నలు, సజ్జలు. ఒకటి గుర్తుంచుకోండి, సేంద్రియ గింజలకి మందు ఉండదు కాబట్టి తొందరగా పురుగు పడతాయి. పురుగుకి భయపడక్కర్లేదు, పిట్టలు దాన్నీ తింటాయి. బూజు మాత్రం ప్రమాదం, ముఖ్యంగా వేరుశనగ, మొక్కజొన్నల్లో, వాసన వస్తే అవతల పారేయండి. కొంచెం కొంచెం కొని ఎండబెట్టి వాడుకోవడమే మేలు.

వ్యవసాయ శాఖ వారికి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ఖరీఫ్ ముందు నకిలీ విత్తనాల కోసం దుకాణాలు తనిఖీ చేస్తారు కదా, సీజన్ అయ్యాక కూడా ఒకసారి రండి. మిగిలిన మందు విత్తనం ఎన్ని కిలోలు, ఎటు పోయిందో లెక్క అడగండి. కిరాణా కొట్ల ముందు ఉన్న రంగు జొన్నల గోనెలు కూడా విప్పి చూడండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తణుకు