ఏడ్చేవారితో ఏడ్చిన ఏడాది: సంఘ కాపరి వార్షిక నివేదిక

ప్రియమైన సంఘ సభ్యులకు ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

జమాఖర్చుల లెక్క కోశాధికారి గారు, సభ్యత్వం, బాప్తిస్మాల వివరాలు కార్యదర్శి గారు వేరుగా మీ ముందు పెడుతున్నారు. వాటిని నేను మళ్లీ చెప్పను. ఈ ఏడాది మన మధ్య నుంచి చాలామంది ప్రభువునందు నిద్రించారు. సంఘాన్ని మొదటి నుంచీ మోసిన పెద్దలు ఉన్నారు, క్వాయర్‌లో ఏళ్ల తరబడి పాడిన సహోదరుడు ఉన్నాడు, ఇంకా మాటలు కూడా రాని ఒక పసిబిడ్డ ఉన్నాడు. మీరంతా అమ్మగారు అని పిలుచుకునే నా భార్య కూడా వారిలో ఉంది. కాబట్టి ఈ నివేదికలో ఎక్కువ భాగం ఒక్క విషయం గురించే రాస్తున్నాను. ఆప్తులను పోగొట్టుకున్నవారికి సంఘంగా మనం ఎలా తోడున్నాం, ఇంకా ఎలా ఉండాలి.

ఆరాధన

భర్తను పోగొట్టుకున్న ఒక సహోదరి కొన్ని వారాలుగా ఆరాధనకు రావడం లేదని తెలిసి వాళ్లింటికి వెళ్లాను. "దేవుడి మీద కోపం కాదయ్యగారూ, పాటలకు నోరు రావడం లేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే నేనొక్కదాన్నే అలా నిలబడటం ఇబ్బందిగా ఉంది" అంది. ఆ మాట సంఘ పెద్దల కూడికలో చెప్పాను. మన ఆరాధన స్తుతితో మొదలై స్తుతితోనే ముగుస్తోంది, గుండె పగిలినవాళ్లకు అందులో చోటెక్కడుంది అని ఒక పెద్దాయన అడిగారు. ఆ రోజు నుంచే ప్రతి నెలా మొదటి ఆదివారం ఒక విలాప కీర్తన చదివి, కాసేపు మౌనంగా ప్రార్థించడం మొదలుపెట్టాం.

దీనివల్ల కొత్తగా వచ్చినవాళ్ల విశ్వాసం బలహీనపడుతుందేమోనని కొందరు ఆందోళనపడ్డారు. వాళ్ల ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోలేదు. కానీ కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలూ విలాపాలే. 88వ కీర్తన అయితే చీకటి అనే మాటతోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు వాక్యం ఒక్కటీ లేదు. అయినా దాన్ని ఎవరూ తీసేయలేదు, దేవుని ప్రజలు శతాబ్దాలుగా ప్రార్థనగా చదువుతూనే ఉన్నారు. దేవుణ్ణి నమ్మడం మానేసినవాడు దేవుడికి ఫిర్యాదు చేయడు. ఎన్నాళ్లు ప్రభువా అని అడిగేవాడు ఆయన వింటాడని ఇంకా నమ్ముతున్నాడు కాబట్టే అడుగుతున్నాడు. సిలువ మీద మన ప్రభువు నోట వచ్చినదీ 22వ కీర్తన మొదటి మాటే. చనిపోయిన స్నేహితుడు లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా ఆయన సమాధి దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాడు. అపొస్తలుడైన పౌలు కూడా థెస్సలొనీక సంఘానికి దుఃఖపడవద్దని రాయలేదు, నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడవద్దని రాశాడు.

మన పూర్వికులైన సేవకులు కూడా ఈ బాధకు దూరంగా లేరు. 1542లో కూతురు మగ్దలేనా 13 ఏళ్ల వయసులో చనిపోయినప్పుడు సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ తన ఏడుపును ఎవరి దగ్గరా దాచుకోలేదు. జర్మనీలోని ఐలెన్‌బర్గ్ పట్టణంలో 1637లో ప్లేగు వచ్చినప్పుడు మార్టిన్ రింకార్ట్ అనే పాస్టర్ ఆ ఒక్క ఏడాదిలో నాలుగు వేలకు పైగా మృతులకు అంత్యక్రియలు జరిపించాడు. వాళ్లలో ఆయన భార్య కూడా ఉంది. ఇంతకుముందు ఆయన గురించి చదివినప్పుడు సహనం గల సేవకుడు అనుకునేవాణ్ణి. ఇప్పుడు మాత్రం ఆ సమాధుల మధ్య నుంచి ఆయన ఒంటరిగా ఇంటికి ఎలా వెళ్లి ఉంటాడా అన్న ఆలోచనే వస్తోంది.

పరామర్శ

ఎవరైనా కన్నుమూస్తే భూస్థాపన రోజున, ఆదరణ కూడిక రోజున ఇల్లు నిండిపోతుంది. ఆ తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడతాం. దుఃఖం అసలు అప్పుడే మొదలవుతుంది. మూడో నెలలో ఫోన్ మోగదు. పుట్టినరోజు వస్తుంది, మొదటి క్రిస్మస్ వస్తుంది, ఆ ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ రోజును ఏం చేసుకోవాలో తెలియదు. ఇది చూసే స్త్రీల సమాజం, యౌవనస్థులు కలిసి పరామర్శ బృందంగా ఏర్పడ్డారు. మూడో నెలలో, ఆరో నెలలో, ఏడాది నిండే రోజున వెళ్లాలన్నది వాళ్లు పెట్టుకున్న నియమం.

బృందానికి నేను చెప్పిన మొదటి పాఠం, పిల్లలందరినీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులది. ఏడు రోజులు, ఏడు రాత్రులు వాళ్లు ఒక్క మాటా మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. అంతవరకూ చాలా బాగుంది. నోరు తెరిచాకే యోబుకు కష్టం రెట్టింపయింది. మనం కూడా ప్రేమతోనే కొన్ని మాటలు అంటుంటాం. "మంచివాళ్లను దేవుడు త్వరగా పిలుచుకుంటాడు", "విశ్వాసులం, ఏడవకూడదు", "ఇంకో బిడ్డను ఇస్తాడులే". పసిబిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర ఈ చివరి మాట ఎవరో అన్నారు. ఆమె ఏమీ అనలేదు, లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయింది. ఆ బిడ్డకు బదులు ఇంకో బిడ్డ ఉండదు. ఇకపై పరామర్శకు వెళ్లినప్పుడు చనిపోయినవారి పేరు పెట్టి మాట్లాడండి. గుర్తున్న ఒక సంగతి చెప్పండి. ఏమీ తోచకపోతే ఊరికే కూర్చోండి. చిన్న ప్రార్థన చాలు.

ఏలీయా ప్రవక్త తాను చచ్చిపోతే బాగుండునని అడిగినప్పుడు దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి పడుకోనిచ్చాడు. మన యౌవనస్థులు ఆ పద్ధతినే పట్టుకున్నారు. మరణ ధ్రువీకరణ పత్రం, బ్యాంకు ఖాతా మార్పు, పెన్షన్ ఫారాలు ఇవన్నీ ఒక విధవరాలికి ఎంత టెన్షనో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఆ కాగితాలు పట్టుకుని వెంట తిరిగిన పిల్లలు చేసింది పరిచర్యే. అపొస్తలుల కాలంలో విధవరాండ్రకు రోజూ జరిగే సహాయం సరిగ్గా అందడం లేదని తెలిస్తే, ఆ పని కోసమే ఏడుగురిని ఎన్నుకుని, వాళ్ల మీద చేతులుంచి ప్రార్థించారు. అందుకే ఈ బృందం మీద కూడా ఆరాధనలో చేతులుంచి ప్రార్థించాం.

నా సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు నాకు చేసింది సంఘ రికార్డుల్లో ఉండాలి. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు బల్ల ఆదివారాల్లో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, గిన్నెలు సర్దే పని నా భార్యది. ఆమె పోయాక వచ్చిన మొదటి ప్రభు బల్ల ఆదివారం నేనే చేద్దామని పెందలాడే వెళ్లాను. అప్పటికే అన్నీ సర్ది ఉన్నాయి. గుడ్డ అంచులు లోపలికి మడిచి, మూలలు ఒకదానికొకటి సరిగ్గా కలిసేలా, ఆమె చేసినట్టే ఉంది. ఆమె దగ్గర నేర్చుకున్న క్వాయర్ అమ్మాయి చేసిందట. నాతో ఒక్క మాటా అనలేదు, వెళ్లి తన చోట కూర్చుంది. ఆ రోజు నేను బల్ల దగ్గర నిలబడి పరిశుద్ధుల సహవాసం గురించి చదవగలిగానంటే ఆ అమ్మాయి వల్లే. తర్వాతి నెలల్లో సంఘ పెద్దలు వంతులవారీగా వాక్యం చెప్పి నాకు విశ్రాంతి ఇచ్చారు. వేరే సంఘానికి చెందిన ఒక సీనియర్ పాస్టర్ గారిని నా దగ్గరికి క్రమంగా వచ్చేలా ఏర్పాటు చేశారు. పాస్టర్‌కీ ఒక పాస్టర్ కావాలి. నా తర్వాత ఎవరు వచ్చినా ఈ ఏర్పాటును కొనసాగించమని పెద్దలను కోరుతున్నాను.

సమాధుల తోట

కూలిన గోడను కట్టించాం, కలుపు తీయించాం, సమాధుల పాత రిజిస్టరును కొత్త పుస్తకంలోకి ఎక్కించాం. సమాధి రాళ్ల విషయంలో కొంత చర్చ జరిగింది. ఎవరి స్తోమతను బట్టి వాళ్లు కట్టుకోవాలని కొందరు, అందరికీ ఒకే కొలత ఉండాలని కొందరు వాదించారు. ఒకే కొలతకే పెద్దలు మొగ్గారు. నా అభిప్రాయం కూడా అదే. బతికున్నప్పుడు ఒకే రొట్టె పంచుకున్నవాళ్లం మనం. ఆదికాండం 23వ అధ్యాయమంతా శారా సమాధి కోసం అబ్రాహాము స్థలం కొన్న కథే. దేశమంతా ఇస్తానని దేవుడు మాట ఇచ్చినా, కనానులో అతను డబ్బు పెట్టి కొన్న నేల మాత్రం భార్య సమాధి కోసమే. నాలుగు వందల తులాల వెండి తూచి ఇచ్చాడు. ఈ ఏడాది ఆ అధ్యాయం నాకు చాలా దగ్గరైంది.

మిగతా పనులు

సండే స్కూల్, యౌవనస్థుల కూడిక, క్రిస్మస్ కార్యక్రమాలు ఎప్పటిలాగే జరిగాయి. వాటిని నడిపించినవారికి కృతజ్ఞతలు. క్వాయర్‌కు మగ గొంతులు తక్కువయ్యాయి, పాడగలిగినవాళ్లు ముందుకు రావాలి.

వచ్చే ఏడాది నవంబరు మొదటి ఆదివారం, ఆ ఏడాదిలో నిద్రించిన ప్రతి ఒక్కరి పేరూ ఆరాధనలో చదువుతాం. కడుపులోనే బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు కూడా ఇష్టమైతే పేరు ఇవ్వవచ్చు. పేరు పెట్టకపోయినా పర్వాలేదు, ఆ కుటుంబం కోసం ప్రార్థిస్తాం. పేర్లు అక్టోబరు చివరికల్లా కార్యదర్శి గారికి అందాలి. పరామర్శ బృందంలో చేరాలనుకునేవారు కూడా ఆయనకే చెప్పండి. మగవాళ్లు మరీ తక్కువగా ఉన్నారు. భార్యను పోగొట్టుకున్న మగవాడు మరో మగవాడి దగ్గర మాట్లాడినంత తేలిగ్గా ఇంకెవరి దగ్గరా మాట్లాడలేడు, నాకిది అనుభవమే. కాబట్టి సహోదరులను ప్రత్యేకంగా అడుగుతున్నాను.

ప్రభువు సేవలో,
మీ సంఘ కాపరి