క్యూలోంచి తప్పుకుని నా పక్కన కూర్చున్న అక్కకి

ఇవాళ పాప బరువు 3.3 కిలోలు. ఏడు వారాలు నిండాయి. చార్టులో ఇంకా కింది గీతల దగ్గరే ఉంది, కానీ నాలుగు వారాల కిందట 2.5 దగ్గర ఆగిపోయిన పిల్ల! రాత్రి నిద్ర లేదు, తప్పులుంటే మన్నించండి.

పుట్టినప్పుడు 2.6. మొదటి రోజుల్లో కొంచెం తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా మళ్ళీ పుట్టిన బరువుకు రావాలి. మూడు వారాలైనా రాలేదు. చనుమొనలు పగిలి, పాలివ్వాలంటేనే భయం. "పాలు చాలట్లేదు, డబ్బా పాలు పట్టు" అన్నారు ఆస్పత్రిలో. కొన్నాం. డబ్బా ఇంకో నాలుగు రోజులు రావాలని నీళ్ళు ఎక్కువ కలిపాను. ఈ మాట ఇంట్లో కూడా చెప్పలేదు.

ఆ అక్క ఎవరో నాకు తెలీదు. తూకం క్యూలో చిన్న బాబుతో నా వెనక ఉన్నారు. పాప ఏడుపు విని, "ఒకసారి పట్టు, చూస్తాను" అన్నారు. గోడ వారగా కూర్చోబెట్టి దుప్పటి అడ్డం పెట్టారు. పాప చనుమొన ఒక్కటే పట్టుకుంటోందట. నోరు బాగా తెరిచేదాకా ఆగి, గడ్డం రొమ్ముకు ఆనేలా దగ్గరికి తీసుకోమన్నారు. నాలుగోసారికి నొప్పి లేదు. గుటక వినిపించింది. నా కూతురు పాలు మింగే చప్పుడు నేను వినడం అదే మొదటిసారి.

ఈలోగా ఆవిడ నంబరు పిలిచారు. లేవలేదు. మళ్ళీ పిలిచారు. "పోనీలే, రేపొస్తా" అన్నారు. అంటే ఇంకో రోజు కూలి పోయినట్టే. అప్పుడు నీళ్ళ సంగతి చెప్పేశాను. తిట్టలేదు. "డబ్బా మెల్లగా మానేద్దాంలే" అన్నారు. ఆ "మానేద్దాం" వినేసరికి అక్కడే వెక్కి వెక్కి ఏడ్చాను.

తర్వాత పన్నెండు రోజులు సాయంత్రం మా గదికి వచ్చారు. పాలు పట్టేకొద్దీ ఊరతాయని, రాత్రి కూడా కలుపుకుని రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టించారు. డబ్బా పాలు సరైన కొలతతో కలుపుతూ, ఒక్కో పూట తగ్గించాం. పాలు అందుతున్నాయో లేదో తెలియాలని పాప తడిపిన గుడ్డలు లెక్కపెట్టాం. రోజుకు ఆరు దాటిన రోజు ఇద్దరం నవ్వుకున్నాం.

అమ్మకి, ఆయనకి, ఆడపడుచుకి థాంక్స్.

ఒక్క మాట అడగాలి. డిశ్చార్జి రోజు నా చేతిలో ఉచిత పాలపొడి ప్యాకెట్ ఎందుకు పెట్టారు? తల్లులకి అలాంటి శాంపిల్స్ ఇవ్వకూడదని ప్రపంచ ఆరోగ్య సభ 1981లోనే నియమావళి ఆమోదించింది. మూడుసార్లు వెళ్ళినా పాప ఎలా తాగుతోందో ఒక్కరూ చూడలేదు. వచ్చే వారం నేను పనికెళ్ళాలి. అంతర్జాతీయ కార్మిక ఒప్పందంలో ప్రసూతి సెలవు 14 వారాలు, నాకు ఎనిమిదే, అదీ జీతం లేకుండా. పనిచోట పాలు పిండుకోవడానికి తలుపున్న గది లేదు. ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వమంటారు. ఎలా ఇవ్వాలో కూడా చెప్పండి.

అయ్యో, మర్చిపోయాను. ఇవాళ రెండుసార్లు తూచి చూసిన నర్సమ్మకి, నా వంతు నీళ్ళు కూడా పట్టి పెట్టిన పక్కగది పిన్నికి, రాత్రిళ్ళు ఏడుపు భరించిన గోడవతల వాళ్ళకి కూడా.

ఇంకా, అక్క వాళ్ళ బాబుకి. ఆ రోజు వాడి తూకం ఆగింది నా వల్లే.