తోడేలు కథలు చదివేవారిని ఒక్కరినైనా అడిగారా?

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో తోడేలు మనుషుల శృంగార సీరియళ్ల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలుగా, రెండోసారి పెన్సిలు పట్టుకుని. విజయవాడ గవర్నరుపేటలో ఒక ముద్రణాలయంలో ఇరవై ఎనిమిదేళ్లు ప్రూఫులు దిద్దినదాన్ని, ఆ అలవాటు పోదు. ఇప్పుడు నాకు అరవై రెండు. మీ వ్యాసకర్త ఏవగించుకున్న ఆ కథల తెలుగు అనువాదాలను మూడేళ్లుగా ఇంట్లో కూర్చుని దిద్దుతున్నాను. ఇంగ్లిషులో పుట్టినవాటిని ఎవరో హడావిడిగా తెలుగు చేస్తే, అక్షరదోషాలతో నా దగ్గరకు వస్తాయి. పదానికి ఇన్ని పైసలని ఇస్తారు. ఇందులో దాచుకోవలసినదేమీ లేదు. మా అబ్బాయికి మాత్రం ఇంకా చెప్పలేదు.

ఈ కథలు చదివే ఆడవాళ్లు బానిసత్వాన్ని కోరుకుంటున్నారని, ఇది మన సంస్కృతిలో లేని రోగమని వ్యాసకర్త తేల్చారు. అంత పెద్ద వ్యాసంలో చదివేవారి మాట ఒక్కటీ లేదు. నాకు ప్రతి శనివారం పాఠకుల స్పందనలన్నీ ఒక ఫైలుగా వస్తాయి, భాష మీద ఫిర్యాదులుంటే చూడమని. అందుకని వాళ్లు ఏమంటున్నారో నాకు కొంత తెలుసు.

ఈ కథలు చూడని వారికోసం రెండు ముక్కల్లో చెబుతాను. ఫోనులో ఒక్కో అధ్యాయం డబ్బు పెట్టి చదివే సీరియళ్లు ఇవి. ఒక అడవి, అందులో తోడేలు మనుషుల గుంపు, దానికొక నాయకుడు. వాడిని ఆల్ఫా అంటారు. పున్నమికి ఒళ్లు మారుతుంది. ముప్పై ఏళ్ల నర్సో, వంటమనిషో వాడి కంట పడుతుంది. వాసన చూసి ఆమే తన జత అని వాడు తెలుసుకుంటాడు. ఆ తర్వాత నూటయాభై అధ్యాయాలు ఎవరు ఎవరికి లొంగుతారన్నదే కథ.

మొదటి పేచీ పున్నమి దగ్గరే వచ్చింది. "పున్నమినాడు మేము సత్యనారాయణ వ్రతం చేసుకుంటాం. దయ్యాలకూ భూతాలకూ అమావాస్య కదా" అని కాకినాడ నుంచి ఒకావిడ నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. "భయంకరమైన వెన్నెల" అని అనువాదకుడు రాస్తే తెలుగు చెవికి అది అతకదు. మనకు వెన్నెల అంటే ఆడపిల్లల ఆటలు, ఆరుబయట అన్నం. మూలంలో ఉన్న పున్నమిని నేను అమావాస్య చేయలేను. రెండు రోజులు ఆలోచించాక ప్రెస్సులో ఒకప్పుడు దిద్దిన ప్రబంధాలు గుర్తుకొచ్చాయి. వాటిలో చంద్రోపాలంభనం అని ఒక ఘట్టం ఉంటుంది. విరహంలో ఉన్న నాయిక చంద్రుణ్ణి పట్టుకుని, నువ్వు చల్లనివాడివని ఎవడన్నాడు, నన్ను కాల్చుకు తింటున్నావు అని తిట్టిపోస్తుంది. తోడేలును రగిలించే చంద్రుడూ వాడే అనుకున్నాను. భయం తీసేసి, ఒంట్లో సెగ పెట్టాను. ఆ తర్వాత పున్నమి గురించి ఒక్క ఫిర్యాదు రాలేదు.

అసలు తంటా 'సబ్మిషన్' అన్న మాటతో వచ్చింది. అనువాదకుడు ప్రతిచోటా "ఆమె లొంగిపోయింది" అని రాసుకుపోయాడు. "పది లక్షల రివార్డు ఉన్న దళ కమాండరు ఎస్పీ గారి ఎదుట లొంగిపోయినట్టుంది" అని వరంగల్ నుంచి ఒకరు రాశారు. పక్కింటివాళ్లు వచ్చి చూసేంతగా నవ్వాను. "సమర్పించుకుంది" అని మారిస్తే నైవేద్యం పెట్టినట్టుందన్నారు. "దాసోహమంది" అంటే పాత జానపద సినిమాలో రాజనాల ఎదురుగా నిలబడినట్టుందన్నారు. చివరికి "తనను తాను అతని చేతిలో పెట్టింది" అని రాశాను. దానికి గుంటూరు పాఠకురాలు ఒకరు, "పెట్టింది అన్నారు కాబట్టి ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చన్నమాట. ఇది బాగుంది" అన్నారు. నిజం చెప్పాలంటే నేను అంత ఆలోచించి రాయలేదు. ఒక క్రియాపదం దగ్గర అంతసేపు ఆగే పాఠకులను నా ప్రెస్సు ఉద్యోగంలో, పండితుల్లో సైతం, కొద్దిమందినే చూశాను.

ఆల్ఫా సంగతికి వస్తాను. తోడేళ్లలో ఇలా ఒక మగది అందరినీ అణచిపెట్టడం సహజమే కదా అని కథల్లో పదే పదే వస్తుంది. మీ వ్యాసకర్త కూడా, ఖండిస్తూనే, దాన్ని ప్రకృతి నియమంగా ఒప్పుకున్నారు. అనంతపురం జిల్లా నుంచి ఒక పాఠకురాలు ఒప్పుకోలేదు. "మా తాత గొర్రెలు కాసేవాడు. తోడేళ్లు జంటగా వచ్చేవి. ఒకటి కుక్కలను అటు లాక్కుపోతే రెండోది ఇటునుంచి పిల్లను ఎత్తుకుపోయేది. ఈ ఆల్ఫా గారు మా బీళ్లలో ఎక్కడా కనపడలేదు" అని రాసింది. ఆమె మాట పట్టుకుని వెతికితే అసలు సంగతి బయటపడింది. రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన స్విట్జర్లాండులోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో, ఆవరణలో బంధించి ఉంచిన తోడేళ్లను చూసి 1947లో ఒక పరిశోధన ప్రచురించారు. నాయకుడు, పోటీ, లొంగుబాటు అన్న ఊహ అక్కడినుంచి ప్రచారంలోకి వచ్చింది. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1970లో రాసిన పుస్తకంతో అది లోకమంతా పాకింది. ఆయనే తర్వాత ఉత్తర కెనడాలోని ఎల్స్‌మీర్ దీవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి చూసి, గుంపు అంటే చాలావరకు తల్లి, తండ్రి, వాటి పిల్లలేనని, ఆల్ఫా అన్న మాట అక్కడ నప్పదని 1999లో రాశారు. తన పాత పుస్తకాన్ని ఇక అచ్చు వేయవద్దని ప్రచురణకర్తలను కోరారు కూడా. తన ప్రూఫు తానే దిద్దుకున్న మనిషి కాబట్టి నాకు ఆయనంటే గౌరవం. గొర్రెల కాపరి మనవరాలికి మాత్రం ఇదంతా ముందే తెలుసు.

ఇక నలభై ఏడో అధ్యాయం. ఒక సీరియల్లో నాయకుడు అంతవరకు ఆమె గది గడప దాటడు. రమ్మంటే వస్తాడు, ఆగమంటే ఆగుతాడు. నలభై ఏడులో ఆమె నిద్రలో ఉండగా మెడ మీద కొరికి, తన గుర్తు వేస్తాడు. ఇక నీవు నాదానివి అంటాడు. ఆ శనివారం వచ్చిన ఫైలు చదవడానికి నాకు అర్ధరాత్రి దాటింది. మీ వ్యాసకర్త చెప్పినట్టు వీళ్లు బానిసత్వం కోరుకునేవారే అయితే ఆ రోజు పండగ చేసుకోవాలి. "అడగకుండా కొరికేది పిచ్చికుక్క, తోడేలు కాదు" అని ఒకరు. "నలభై ఆరు అధ్యాయాలు నమ్మించి మోసం చేశారు, నా డబ్బు నాకు ఇవ్వండి" అని మరొకరు. శృంగారం ఎక్కువైందన్నవారు అందులో ఒక్కరూ లేరు. మాట తప్పాడన్నదే వాళ్ల కోపం. నేనూ వాళ్ల పక్షమే. ఆ వాక్యాల్లో ఆమెను నిద్ర లేపి అడిగినట్టు మార్చవచ్చా అని పని ఇచ్చేవారిని అడిగాను. మూలం మారదు, కామాలు చూసుకోండి అన్నారు. కామాలే చూశాను.

ఆ అధ్యాయం నచ్చిందన్నవారు లేకపోలేదు. అది దాచిపెడితే నేనూ వ్యాసకర్త లాగే అవుతాను. వాళ్లలో ఒకామె రాసిన మాట ఇది: "కథలో నాకు నచ్చింది. బస్సులో ఎవడైనా చెయ్యి వేస్తే చెప్పు తీస్తాను. రెండూ నేనే."

ఇంకొక స్పందన నన్ను చాలా రోజులు వదల్లేదు. కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లి ఇంటిపని చేస్తున్న మనిషి రాసినది. అక్షరదోషాలు బాగా ఉన్నాయి, ఒక్కటీ దిద్దబుద్ధి కాలేదు. "పొద్దున ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా మేడమ్ చెప్పినట్టు వినడమే నా పని. ఈ కథలో ఆ పిల్ల చాలు అంటే అంత పెద్ద మృగమూ ఆగిపోతుంది. ఆ ముక్క కోసం చదువుతాను."

సంస్కృతి గురించి కూడా ఒక మాట. కిందముడనే ముని లేడి రూపం ధరించి, అదే రూపంలో ఉన్న భార్యతో క్రీడిస్తుండగా పాండురాజు బాణం వేయడమే కదా మన భారత కథను మలుపు తిప్పింది. ఆదిపర్వం ప్రూఫులు దిద్దినప్పుడు మా ప్రెస్సులో ఎవరూ మొహం తిప్పుకోలేదు. పారిజాతాపహరణంలో సత్యభామ ఎడమకాలితో శ్రీకృష్ణుని తల తోసేస్తుంది. ఆయనేమో నీ దాసుణ్ణి, నీ తాపు నాకు మన్ననే అంటాడు. నంది తిమ్మన ఆ పద్యాలు రాసి అయిదు వందల ఏళ్లు కావస్తోంది, కాలేజీలో మాకు వాటిని బట్టీ పట్టించారు. లొంగడంలో ఒక సరసం ఉందని తెలుగువాడికి తోడేలు వచ్చి నేర్పనక్కరలేదు. ఆ మాటకొస్తే తోడేలు కథ కూడా పుట్టినప్పుడు ఇలా లేదు. పన్నెండో శతాబ్దంలో మరీ ద ఫ్రాన్స్ అనే కవయిత్రి రాసిన కథలో ఒక దొర వారానికి మూడు రోజులు తోడేలు. భార్య అతని బట్టలు మాయం చేయిస్తుంది, దాంతో అతను మళ్లీ మనిషి కాలేక అడవిలో ఉండిపోతాడు. వేటకు వచ్చిన రాజు పాదాన్ని ముద్దుపెట్టుకుని శరణు కోరతాడు. అక్కడ లొంగినది తోడేలే. చివర్లో బట్టలు తెచ్చి ఎదురుగా పెట్టినా, నలుగురి ముందు రూపం మారడానికి సిగ్గుపడి, గదిలో ఒంటరిగా వదిలేదాకా ఆగుతుంది. అంత మర్యాద ఇప్పటి ఆల్ఫాలకు లేదు.

నా అభ్యంతరాలు నాకూ ఉన్నాయి. మొదటిది సాగదీత. గుమ్మం దగ్గర నిలబడ్డవాడు గదిలోకి రావడానికి మూడు అధ్యాయాలు, అధ్యాయానికి ఇన్ని నాణేలు. నేను దిద్దే ఫైళ్లలో ఎక్కువ ఫిర్యాదులు దీని మీదే, తోడేలు మీద కాదు. మా అమ్మ వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి, గోనెసూదితో పురికొస గుచ్చి పుస్తకం కుట్టుకునేది. వీధిలో పది ఇళ్లు తిరిగి వచ్చేసరికి అట్ట ఉండేది కాదు. వచ్చేవారం దాకా ఆగాలంటే అప్పుడూ చిరాకే, కానీ కొన్న కాగితం మన దగ్గర ఉండేది. ఇప్పుడు డబ్బు పెట్టి చదివిన అధ్యాయం కూడా ఫోను మారిస్తే ఉంటుందో లేదో చెప్పలేం. ఇంగ్లండులో 1846లోనే రేనాల్డ్స్ అనే రచయిత తోడేలు మనిషి నవలను పెన్నీ పత్రికలో, అంటే ఒక పెన్నీ చిల్లరకు దొరికే పత్రికలో, సీరియల్‌గా వేశాడు. ఆ పెన్నీకి కనీసం కాగితం చేతికొచ్చేది.

రెండోది, జత అని విధి రాసిపెట్టిందన్న సాకుతో నాయకుడు చేసే ప్రతి మొరటుపనినీ వెనకేసుకొచ్చే రచన. దాన్ని వ్యాసకర్త దుయ్యబట్టి ఉంటే చప్పట్లు కొట్టేదాన్ని. ఆయన దానిజోలికి పోకుండా చదివేవారి మీద పడ్డారు.

ఇక, పెన్సిలు పట్టుకుని చదివానన్నాను కదా. శీర్షికలో "తోడేళు" అని పడింది. ఏకవచనం తోడేలు, బహువచనం తోడేళ్లు. రెండో కాలమ్‌లో "వృకోదరుడు" అన్న పేరును కీచకునికి అంటగట్టారు. తోడేలు పొట్టవాడు భీముడు, కీచకుడు ఆయన చేతిలో చచ్చినవాడు. వ్యాసంతో పాటు వేసిన ఫోటో తోడేలుది కాదు, నీలికళ్ల సైబీరియన్ హస్కీ కుక్కది. మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో అలాంటిదే ఒకటుంది, ఏసీ గది వదిలి రాదు. వచ్చే ఆదివారం సవరణ వేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రూఫ్ రీడర్,
విజయవాడ