పేజీని చూడటం నేర్పిన మీకు

మా విద్యార్థి పత్రిక పేజీలను ఓపికగా దిద్ది పెట్టిన మీకు కృతజ్ఞతలు. పేరు రాయవద్దన్నారు, రాయడం లేదు. తెలుగులో కింద వత్తులు, పైన గుణింతపు గుర్తులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఇంగ్లీషుకన్నా ఎక్కువ చోటు వదలాలని మీరు చూపించాకే మా కథల పేజీలు చదవబుద్ధి అయ్యేలా మారాయి. అచ్చుకు ఫొటోలు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలని, రంగులను సీఎంవైకేలోకి (అచ్చులో వాడే నాలుగు సిరాల పద్ధతి) మార్చాలని ఏ పుస్తకమైనా చెబుతుంది. ఖాళీని ఖాళీగా వదిలే ధైర్యం మాత్రం మీ దగ్గరే అబ్బింది. (మా సంపాదకులు ఇప్పటికీ అక్కడ ఒక కవిత ఇరికించమంటారు!) తాజా సంచికకు గ్రిడ్ (పేజీలో అక్షరాలు, బొమ్మలు అమర్చే గీతల చట్రం) మొత్తం నేనే గీశాను. ప్రతి పంపుతున్నాను, మొహమాటం లేకుండా తప్పులు పట్టండి.