కౌన్సెలర్‌ని పెట్టమన్నారు సరే, ఆ కౌన్సెలర్‌ని తయారుచేసేది ఎక్కడ?

ఎడిటర్ గారికి నమస్కారం.

కాలేజీల్లో కౌన్సెలర్లను పెట్టాలన్న వార్తలు మీ పత్రికలో వస్తూనే ఉన్నాయి, ప్రతిసారీ శ్రద్ధగా చదువుతున్నాను, ప్రతిసారీ అందులో ఒక్క సంగతి మాత్రం కనిపించడం లేదు. ఆ కౌన్సెలర్ ఎక్కడ నేర్చుకుని వస్తారు? ఎవరి దగ్గర, ఎంతకాలం, ఎంతమంది పిల్లల్ని చూసి? నేను క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్ చేస్తున్నాను. ప్రభుత్వాసుపత్రి పిల్లల ఓపీలో పోస్టింగ్ చేశాను. కాబట్టి ఈ పని నేర్చుకోవడం అంటే ఏమిటో దగ్గర్నుంచి తెలుసు, అదే మీ పాఠకులతో చెప్పాలని రాస్తున్నాను.

2025 జులై 25న సుప్రీంకోర్టులో జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ఒక తీర్పు ఇచ్చారు. అది మన విశాఖపట్నం కేసు. నీట్ కోచింగ్ కోసం పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన 17 ఏళ్ల అమ్మాయి ఇక్కడి హాస్టల్లో ఉంటూ చనిపోయింది, దర్యాప్తు సరిగా జరగలేదని ఆ తండ్రి ఢిల్లీ దాకా వెళ్లాడు. దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో పాటు దేశంలోని స్కూళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నింటికీ కోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి అన్నది అందులో ఒకటి. ఇంతవరకు అందరూ రాశారు. అదే వాక్యంలో ఇంకో మాట ఉంది, దాన్ని మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ వ్యక్తికి పిల్లల, కౌమార వయసువాళ్ల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్నట్టు చూపించగలగాలి అని కోర్టు స్పష్టంగా చెప్పింది. నా ఉత్తరం మొత్తం ఆ ఒక్క మాట గురించే.

లెక్కలు ఒకసారి చూడండి. నేర గణాంకాల బ్యూరో ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. అంటే నలభై మంది ఉన్న క్లాసులో ముగ్గురు. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తర్వాత ఏం జరిగిందో ఇక్కడ ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు. ఈ పిల్లల్ని చూడాల్సిన మనుషులు కావాలి, నిజమే, అందులో రెండో మాట లేదు. కానీ వాళ్లు ఆకాశం నుంచి ఊడిపడరు కదా.

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయి ఉండాలి. ఇన్నాళ్లూ అందుకు అసలైన దారి సైకాలజీలో పీజీ అయ్యాక రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ కోర్సు ఉన్న సంస్థలే చాలా తక్కువ, ఒక్కోచోట సీట్లు కొన్నే, ప్రైవేటులో ఫీజు లక్షల్లో. ఇప్పుడు ఆ ఎంఫిల్ కూడా పోతోంది. కొత్త విద్యా విధానంలో ఎంఫిల్‌ను తీసేశారు, క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ కోర్సులకు మాత్రం 2025-26 అడ్మిషన్ల వరకు వెసులుబాటు ఉంటుందని 2024 జనవరిలో యూజీసీ చెప్పింది. కోర్సు పేరు ఏదైనా నాకు పట్టింపు లేదు. దాని బదులు వచ్చేదాంట్లో పిల్లలతో కూర్చునే నెలలు ఎన్ని ఉంటాయి, పక్కన సూపర్‌వైజర్ ఉంటారా లేదా, ఇదే నా బెంగ. ఇప్పుడున్న రెండేళ్లలోనే పెద్దల వార్డులు, డీఅడిక్షన్, న్యూరో అన్నీ తిరగాలి, పిల్లల పోస్టింగ్‌కి మిగిలేది కొన్ని నెలలే. డాక్టర్లకైతే ఎండీ తర్వాత పిల్లల సైకియాట్రీలో ప్రత్యేకంగా డీఎం కోర్సు ఉంది.

ఆ కొన్ని నెలల్లో ఏం నేర్చుకుంటామో చెప్తాను. పిల్లల ఓపీలో పనిచేసిన వాళ్లెవరికైనా బాగా తెలిసిన కేసు ఒకటుంది, ఒక్కరిది కాదు, మనిషి మారినా కథ దాదాపు ఇదే. పదో తరగతి అమ్మాయి, పరీక్షలు దగ్గరపడేసరికి కళ్లు తిరిగి పడిపోతుంది, చేతులు బిగుసుకుంటాయి. గాలి సోకిందని మొదట తాయెత్తు కట్టిస్తారు, తర్వాత ఫిట్స్ అనుకుని అప్పుచేసి టౌన్లో పెద్దాసుపత్రికి తీసుకెళ్తారు, స్కానింగ్, ఈఈజీ అన్నీ నార్మల్ వస్తాయి. "ఏమీ లేదట, అంతా నాటకం" అని ఇంట్లో తేల్చేశాక ఎవరో చెప్తే మా దగ్గరికి వస్తారు. గదిలో తల్లి కూతురి పక్కనే కూర్చుంటుంది, నేను అడిగిన ప్రతి ప్రశ్నకీ ఆవిడే జవాబు చెప్తుంది, ఆ అమ్మాయి నోరు తెరిచే ముందు ప్రతిసారీ అమ్మ మొహంలోకి చూస్తుంది. "నాకేం లేదు మేడమ్" అంటుంది. కొత్తగా చేరిన ట్రైనీకి అక్కడ వెంటనే నోటికి వచ్చే మాట ఒకటే, టెన్షన్ పడకమ్మా, బాగా చదువుకో, అన్నీ సర్దుకుంటాయి అని. సూపర్‌వైజర్ మొదటి వారంలోనే ఆ మాట మా నోట్లోంచి తీసేయిస్తారు. అమ్మాయి నటించడం లేదని ముందు తల్లికి అర్థమయ్యేలా చెప్పాలి, ఆవిడకి కోపం రాకుండా బయట బెంచీ మీద కూర్చోబెట్టాలి, తర్వాత అమ్మాయితో పరీక్షల మాటే ఎత్తకుండా మాట్లాడాలి. పడిపోయినప్పుడు ఇంట్లో ఎవరేం చేస్తారు? నాన్న అప్పుడు ఎక్కడుంటాడు? మూడో వారమో నాలుగో వారమో అసలు సంగతి బయటికొస్తుంది. పది అయిపోతే తనని హాస్టల్లో వేస్తారు, నాన్న తాగొచ్చిన రాత్రులు అమ్మకి అడ్డం నిలబడేది తనే, తను వెళ్లిపోతే చిన్న తమ్ముడొక్కడే ఉంటాడు. దీనికి మాత్ర లేదు, మోటివేషన్ క్లాసు అసలే కాదు. తండ్రిని పిలిపించాలి, పిలిచిన రోజున ఆయన వచ్చేలా చూడాలి, వచ్చాక తప్పుపట్టినట్టు కాకుండా మాట్లాడాలి. ఈ నేర్పు పుస్తకంలో దొరకదు, నేను మాట్లాడింది మొత్తం రాసుకెళ్తే సూపర్‌వైజర్ ఒక్కో లైను మీద పెన్ను పెట్టి, పిల్ల ఇక్కడ ఆగింది, నువ్వెందుకు ఆగలేదు అని అడిగితేనే వస్తుంది.

ఇక చిన్నపిల్లలది ఇంకో లోకం. రెండున్నరేళ్ల బాబుకి మాటలు రాలేదని తీసుకొస్తారు, వాళ్ల నాన్న కూడా లేటుగానే మాట్లాడాడని నానమ్మ ధైర్యంగా చెప్తుంది. వాడు చాప మీద బొమ్మ కారుని తిరగేసి చక్రాన్ని ఒకటే తిప్పుతుంటాడు, పేరు పెట్టి పిలిస్తే పలకడు, మిక్సీ శబ్దానికి మాత్రం చెవులు మూసుకుంటాడని అమ్మ చెప్తుంది. ఆ చాప మీద వాడి పక్కన అరగంట ఏమీ అడగకుండా కూర్చోవడం కూడా శిక్షణే, నన్నడిగితే అన్నింటికంటే కష్టమైనది అదే. ఆ తర్వాత ఆటిజం అన్న మాట ఆ తల్లికి ఎలా చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, చెప్పాక ఆవిడని వెంటనే పంపేయకుండా రేపటి నుంచి ఇంట్లో ఏం చేయాలో ఎలా చూపించాలి, ఇదంతా ఎవరో ఒక పెద్దావిడ చేస్తుంటే పక్కన కూర్చుని చూసి నేర్చుకోవాల్సిందే.

పిల్లల తెలివితేటలు కొలిచే పరీక్షల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే వైకల్య ధ్రువీకరణ కోసం సదరం క్యాంపుకి వచ్చే కుటుంబాలకి మేమిచ్చే అంకె మీదే పింఛను, సర్టిఫికెట్ ఆధారపడతాయి. వీటిలో ఇప్పటికీ విరివిగా వాడే బినే-కామత్ పరీక్షను వి.వి.కామత్ ధార్వాడ ప్రాంతంలో కన్నడ, మరాఠీ పిల్లల కోసం తయారుచేశారు. అలాంటిదే ఇంకోటి, మాలిన్ స్కేలు, నాగపూర్‌లో తయారై అర్ధ శతాబ్దం దాటింది. తెలుగు పిల్లల మీద ఈమధ్య కాలంలో ప్రామాణికంగా కట్టిన కొలతలు మా చేతిలో లేక, ప్రశ్నని అక్కడికక్కడ మా తెలుగులోకి మార్చి అడుగుతున్నాం, శ్రీకాకుళం ట్రైనీ ఒకలా అడుగుతుంది, కర్నూలు ట్రైనీ ఇంకోలా అడుగుతుంది. పాడేరు పైన కువి మాట్లాడే పిల్లాడికి, ఉట్నూరు వైపు గోండి మాట్లాడే పిల్లకి అదే ప్రశ్న తెలుగులో వేసి తక్కువ మార్కులు వేస్తే అది ఎవరి లోపం? సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నాం, అక్కడే ఆటిజం కొలిచే భారతీయ స్కేలు తయారుచేశారు, దేశమంతా సర్టిఫికెట్లకి దాన్నే వాడుతోంది. అంత పని చేయగలిగిన ఊరు మనకుంది. తెలుగు పిల్లల కొలతలు కూడా అక్కడే, యూనివర్సిటీలని కలుపుకుని మొదలుపెట్టొచ్చు.

చట్టం కూడా నేర్చుకోవాలి. పదహారేళ్ల పిల్ల తనకి జరిగిన లైంగిక వేధింపు గురించి చెప్తే 2012 పోక్సో చట్టం ప్రకారం అది పోలీసులకి చెప్పి తీరాలి, దాచిపెడితే నేరం. అందుకే మొదటి రోజే, నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది, కానీ నీకు ప్రమాదం ఉన్న విషయమైతే నేను చెప్పాల్సి వస్తుంది అని పిల్లలకి ముందే చెప్పడం మాకు నేర్పుతారు. వారాంతపు ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు చేసి వచ్చినవాళ్లు పిల్లలతో "నాతో ఏదైనా చెప్పు, ఎవరికీ చెప్పను" అని ఒట్టేసి, ఆ తర్వాత భయపడి ప్రిన్సిపాల్‌కి చెప్పేస్తే, ఆ పిల్ల ఇంకెప్పుడైనా ఎవరితోనైనా నోరు విప్పుతుందా?

ఊహించి రాయడం లేదు. ఈ మధ్య ఒక జూనియర్ కాలేజీవాళ్లు కౌన్సెలర్ ఉద్యోగం ఉందంటే వెళ్లాను. పిల్లల్ని విడిగా చూడటానికి గది లేదు. స్టడీ అవర్స్‌లో కూడా కూర్చోవాలన్నారు, మార్కులు తగ్గిన పిల్లల లిస్టు వాళ్లే ఇస్తారట, వాళ్లకి క్లాసు తీసుకోవాలట, ఎవరేం చెప్పారో వారం వారం రిపోర్టు మేనేజ్‌మెంట్‌కి ఇవ్వాలట. నా చదువేంటి, పిల్లలతో ఎంతకాలం పనిచేశాను అని ఒక్కరూ అడగలేదు, ఇన్‌స్పెక్షన్‌కి ఫైల్లో పెట్టడానికి ఒక పేరు కావాలంతే. మార్కుల్ని బట్టి పిల్లల్ని వీలైనంతవరకు సెక్షన్లుగా విడదీయొద్దని అదే తీర్పు చెప్పింది, అక్కడ గోడ మీద సెక్షన్ల వారీగా ర్యాంకులు అతికించి ఉన్నాయి. నేను చేరలేదు. ఆ కుర్చీలో ఇప్పుడు ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు, వాళ్లని తప్పు పట్టలేను, ఉద్యోగం ఎవరికైనా కావాలి. కానీ అలాంటి గదికి ఒకసారి వెళ్లి దెబ్బతిన్న పిల్లాడు, ఆ తర్వాత నిజంగా సాయం చేయగలిగిన వాళ్ల దగ్గరికి కూడా వెళ్లడు. అందుకే అనుభవం లేని కౌన్సెలర్ ఉన్నా పర్లేదు, అసలు లేకపోవడం కంటే మేలే కదా అన్న వాదన నేను ఒప్పుకోను.

బ్రిటన్‌లో ఎలా ఉందో ఒక్క మాట చెప్తాను, అక్కడ చేస్తున్న తెలుగు అమ్మాయిల ద్వారా నాకు తెలుసు. క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ మూడేళ్లు, ఆ మూడేళ్లూ అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్ ట్రైనీని తన ఉద్యోగిగానే చూసి జీతం ఇస్తుంది, పిల్లల సేవల్లో పనిచేయడం శిక్షణలో భాగం. అక్కడ కూడా పిల్లల అపాయింట్‌మెంట్‌కి నెలల తరబడి ఎదురుచూడాల్సి వస్తోంది, అదేమీ స్వర్గం కాదు. కానీ నేర్చుకునే మనిషి ఆకలితో, అప్పుతో నేర్చుకోకూడదన్న సంగతి వాళ్లకి తెలుసు. మన దగ్గర హౌస్‌సర్జన్‌కి స్టైపెండ్ ఇస్తున్నప్పుడు, అదే ఓపీలో అదే పిల్లల్ని చూసే సైకాలజీ ట్రైనీ లక్షలు ఫీజు కట్టి పనిచేయడమేంటో నాకు అర్థం కాదు. ఊళ్ల నుంచి, పేద ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఈ చదువుకి ఎలా రాగలరు? వాళ్లు రాకపోతే ఆ ఊళ్ల పిల్లల భాష అర్థమయ్యే సైకాలజిస్టు ఎక్కడి నుంచి వస్తారు?

రెండు ప్రభుత్వాలనీ అడిగేది పెద్దదేమీ కాదు. ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆసుపత్రులకీ, జిల్లాల్లోని బోధనాసుపత్రుల సైకియాట్రీ విభాగాలకీ ఈ కోర్సుల సీట్లు ఇప్పించి, స్టైపెండ్ ఇచ్చి, అందులో కనీసం ఆర్నెల్లు పిల్లల విభాగంలో తప్పనిసరి చేయండి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల్ని చూడటానికి 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే కింద జిల్లాల్లో డీఈఐసీలు, అంటే పిల్లల సమస్యల్ని తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రాలున్నాయి, వాటిలో సైకాలజిస్టు పోస్టుకి రెగ్యులర్‌గా మనిషిని వేస్తే ట్రైనీలు అక్కడే వెళ్లి నేర్చుకోవచ్చు. కాలేజీల్లో ఇప్పటికే కౌన్సెలర్లుగా ఉన్నవాళ్లని తీసేయమని నేను అనను, వాళ్లకి నెలకోసారైనా జిల్లా ఆసుపత్రిలో కేసులు చర్చించుకునే ఏర్పాటు చేయండి, తమకి చేతకాని కేసు వచ్చినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో తెలియాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు హాస్టళ్లలో, క్లాసుల్లో అందరికీ కనపడేలా పెట్టమని కోర్టు చెప్పింది, అది ఈ రోజే చేయొచ్చు, దానికి బడ్జెట్ అక్కర్లేదు, రాత్రి పన్నెండుకైనా అటువైపు తెలుగులో మాట్లాడే మనిషి ఉంటారు.

మీ విలేకరులకి ఒక విన్నపం. కౌన్సెలర్ల నియామకం మీద ఈసారి వార్త రాసేటప్పుడు ఆ అధికారినో, ఆ మేనేజ్‌మెంట్‌నో ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. ఎంతమందిని తీసుకున్నారన్నదానితో పాటు, వాళ్లు ఎవరి పర్యవేక్షణలో, పిల్లలతో ఎన్ని నెలలు పనిచేసి వచ్చారో అడిగి ఆ జవాబు కూడా అచ్చువేయండి.

ఇట్లు,
ఒక క్లినికల్ సైకాలజీ ట్రైనీ,
విశాఖపట్నం