జీపు టాపుకి వెల్డింగ్ కొట్టించొద్దు బావా

కోవెంట్రీ, ఇంగ్లండ్

బావా,

జీపుకి రేకు టాపు వేసి శాశ్వతంగా వెల్డింగ్ కొట్టించేస్తున్నావని అక్క ఫోన్లో చెప్పింది. ఎండకి పిల్లలు మాడిపోతున్నారు, కార్తీకంలో వానొస్తే రెగ్జిన్ లోంచి నీళ్ళు కారుతున్నాయి, అదంతా నిజమే, కాదనను. కానీ ఆ పని ఒక్క నెల ఆపు, వెల్డింగ్ బదులు కావాల్సినప్పుడు విప్పి తీసేసే టాపు చేయిద్దాం.

ఇక్కడ పాత స్పోర్ట్స్ కార్లున్న పెద్దాయనలిద్దరు నాకు బాగా పరిచయం. ఒకాయన ఎంజీబీలో తిప్పాడు, అది పూర్తిగా ఓపెన్. ఎక్కి కూర్చోగానే కావలి నుంచి తుమ్మలపెంటకి నువ్వు జీపు అద్దం ముందుకి మడిచేసి తీసుకెళ్ళే రోజులు గుర్తొచ్చాయి, ఆ ఉప్పుగాలి, సరుగుడు తోపుల చప్పుడు, అన్నీ. ఆకాశం మొత్తం కనిపించే సుఖం దానిదే. అయితే వాన మొదలై గుడ్డ టాపు లాగి బిగించేసరికి ఇద్దరం తడిసిపోయాం.

రెండో ఆయనది ట్రయంఫ్ టీఆర్4, 1961లో ఈ కోవెంట్రీలోనే మొదలైన మోడల్. వెనక అద్దం, దాని ఫ్రేము కదలవు, తలమీద ముక్క మాత్రం విప్పి తీసేయొచ్చు. పోర్షే వాళ్ళు ఇలాగే టాపు విప్పే 911 టార్గా కారు చూపించింది 1965లో, అంటే వీళ్ళ తర్వాతే. కాకపోతే టార్గాలో సీట్ల వెనక వెడల్పాటి స్టీలు కమాను పెట్టారు, కారు పల్టీ కొట్టినా తల నలగకుండా. అది నీ జీపుకీ కావాలి, పిల్లల్ని ఎక్కిస్తున్నావు కదా.

టీఆర్4తో చిక్కేంటంటే తీసిన ముక్క కార్లో పట్టదు, ఇంట్లో వదిలి రావాలి. దారిలో వానొస్తే కప్పుకోవడానికి మడతపెట్టే రెగ్జిన్ ముక్క వేరే ఇచ్చారు, దాన్నే సర్రే టాప్ అంటారు. 1972లో వచ్చిన ఫియట్ ఎక్స్1/9లో మాత్రం ఆ ముక్క ముందు డిక్కీలో పట్టేలా చేశారు. కాబట్టి టాపు విప్పాక ఎక్కడ పెడతావో ముందే చూసుకో.

1968 కార్వెట్ కారులో టాపు రెండు ముక్కలు, మధ్యలో కడ్డీ. ఆ కడ్డీ లేకపోతే బాడీ మెలితిరుగుతోందని ఉంచేశారు. నీ జీపుకి కింద ఛాసిస్ ఉంది, టాపు తీసినా బలం ఎక్కడికీ పోదు. అయినా రెండు ముక్కలే చేయించు, ఒక్కడివే ఎత్తి దించుకోవచ్చు. అతుకు దగ్గరే నీళ్ళు కారతాయి, అక్కడ రబ్బరు బీడింగ్, దాని కింద నీళ్ళు పక్కకి పోయే సన్నకాలవ తప్పకుండా ఉండాలి. ఆర్టీఓ ఆఫీసులో కూడా ముందే అడిగి రా.

అద్దం ఫ్రేము పైనుంచి సీటు వెనక దాకా పొడవు, అడ్డం కొలతలు తీసి పంపు. సంక్రాంతికి వచ్చేటప్పుడు బీడింగ్ నేను తెస్తా, దగ్గరుండి చేయిద్దాం.

నీ బావమరిది